నడిమింట్లో మూడు దీపాలు

2009 జూలై 2, గురువారం

రాంబాబు గారు కువైట్ నుంచి దిగారు. రావులపాలెంలో బస్సు మారి ఓడలరేవు పోతూ, దారిలో కొత్తపేటలో ఆగి, మావారు పంపిన సంచీ మా ఇంట్లో ఇచ్చి వెళ్లారు. సంచీలో సబ్బులు, టార్చిలైటు, ఈ డైరీ, ఒక తెల్ల డబ్బా.

డైరీ ఎవరికోసం పంపారో తెలీదు. నేనే తీసేసుకున్నాను. ఇందులో శుక్రవారాలు ఎర్రగా ఉన్నాయి, ఆదివారాలు నల్లగా. అక్కడ సెలవు శుక్రవారం కదా. నాకు సరిపోయే డైరీ ఇదే. నా వారమంతా శుక్రవారం సాయంత్రం అయిదింటి కోసమే నడుస్తుంది. మావారి అక్కగారు, మా వదినగారు, చదువుతారన్న భయం కూడా లేదు. ఆవిడకి కళ్లజోడు లేకపోతే కనపడదు. ఆ కళ్లజోడు ఎక్కడ పెట్టారో ఆవిడకే తెలీదు.

డబ్బా మాత్రం అచ్చంగా నాకోసమే. వైఫై ముందు గదిలోనే ఆగిపోతోందనీ, వెనక డాబా గదిలో నాకు సిగ్నలు గీత ఒక్కటి కూడా రావడం లేదనీ నేను పెట్టిన గోల విని పంపారు.

"ఇదేం చేస్తాది బాబూ?" అని వదినగారు అడిగారు.

"ఆయ్, ఊడ్పుల్లో నారుకట్టలు ఒకళ్ల చేతిలోంచి ఒకళ్లకి అందిస్తారు చూడండి, అలాగన్నమాట. ముందు గదిలోది పట్టుకుని వెనక్కి అందిస్తాదండి," అన్నారు రాంబాబు గారు. "ప్రసాదు గారు మరీ మరీ చెప్పేరండి, జాగ్రత్తగా ఇమ్మని."

దేవుడా, ఇంక రెండు మాటలు మనసు విప్పి మాట్లాడుకోవచ్చు.

ఆ రెండు మాటలూ ఇక్కడ రాసుకుంటాను. అమలాపురంలో డాక్టరమ్మ అంది: "మీలో పెద్ద లోపం ఏమీ లేదమ్మా. కానీ ముప్పై అయిదు వస్తున్నాయి. మీవారికీ పరీక్షలు చెయ్యాలి, ఇద్దరూ ఒకచోట ఉండాలి. ఇంకో మూడేళ్లు ఆగి వస్తామంటే పిల్లల సంగతి నేను మాట ఇవ్వలేను." అక్కడ కంపెనీ వాళ్లేమో ఇంకో మూడేళ్లకి సంతకం పెట్టమంటున్నారట. ఈ నెలాఖరు దాకా గడువుందని ఆయనే చెప్పారు. ఈలోగా నేను చెప్పాలి. సంతకం పెట్టకండి, వచ్చేయండి అని.

చెప్తాను. డబ్బా వచ్చింది కదా.

జూలై 3, శుక్రవారం

మళ్లీ ముందు గదిలోనే. కంప్యూటరు తెరవగానే వెంకటలక్ష్మి గారు ఎదురింట్లోంచి కొంగు సర్దుకుంటూ వచ్చేశారు. వాళ్లబ్బాయి కూడా ఆ కంపెనీలోనే. కెమెరా ముందు బొట్టు సరి చూసుకుని, "ప్రసాదు గారండీ, మావాడు అన్నం తింటన్నాడాండీ?" అంటారు. పక్క కుర్చీలో వదినగారు. వీధిలోంచి వెళ్లేవాళ్లంతా కిటికీలోంచి తొంగిచూసి, "దుర్గా, మీ ఆయనేనా, చిక్కిపోయేడే" అంటారు. తలుపేసుకుందామా అంటే, పట్టపగలు వీధి తలుపు మూసిన ఇంట్లో ఏం జరిగిందో అని ఊరంతా వచ్చి తలుపు కొడతారు.

ఆయన "ఎలా ఉన్నావు?" అన్నారు.

"ఆయ్, బాగున్నానండి," అన్నాను.

తొమ్మిదేళ్ల కాపురం. కలిసి ఉన్నది వేళ్ల మీద లెక్కపెట్టే నెలలు. మా సంభాషణ ఇది.

మధ్యలో బొమ్మ బిగుసుకుపోయింది. ఆయన నోరు తెరిచి ఆగిపోయారు. వెనక దండెం మీద నేను కొనిచ్చిన నీలిగళ్ల లుంగీ, ఏసీ గాలికి ఎప్పుడూ ఊగుతూ ఉండేది, అది కూడా గాల్లోనే ఆగిపోయింది. నవ్వొచ్చింది. తరవాత ఏడుపొచ్చింది.

జూలై 5, ఆదివారం

డబ్బా నా గదిలో పెట్టాను. ఏమీ లేదు. దాని మీద మూడు దీపాలున్నాయి. మొదటిది పచ్చగా, రెండోది ఎర్రగా, మూడోది చచ్చిపోయి.

చోటు మార్చాను. కిటికీలో, బీరువా మీద, మంచం కింద కూడా. అదే ఎరుపు.

రాంబాబు గారిని సెల్లులో అడిగితే, "వస్తాదండీ, కంగారు పడకండి" అన్నారు. కంగారు పడకుండా ఎలా ఉంటానండీ బాబూ.

జూలై 7

వంటింట్లో ఫ్రిజ్ మీద. రెండు గీతలు వచ్చి పోయాయి. అన్నం మాడింది.

జూలై 9, గురువారం

డబ్బాతో వచ్చిన కాగితం ఒకవైపు అరబ్బీ, ఒకవైపు ఇంగ్లీషు. బి.ఏ. ఇంగ్లీషుని దుమ్ము దులిపి కూర్చున్నాను. అందులో ఉన్నది ఇంతే: సిగ్నలు అందని చోట దీన్ని పెట్టవద్దు. బాగా అందుతున్న చోటికీ అందని చోటికీ మధ్యలో పెట్టాలి. దానికి అందితేనే కదా అది అందించేది.

ఎంత తెలివితక్కువదాన్ని! ఎక్కడ లేదో అక్కడ పెడితే అక్కడే పుట్టుకొస్తుందనుకున్నాను. నాలుగు రోజులు అక్కడా ఇక్కడా పెట్టి దాన్ని చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం వదినగారు కునుకు తీస్తుంటే కంప్యూటరు చంకలో పెట్టుకుని ఇల్లంతా తిరిగాను. ముందు గదిలో అయిదు గీతలు. వెనక వసారాలో ఒకటి. పెరట్లో సున్నా. నా డాబా గది సంగతి చెప్పనే అక్కర్లేదు. గల్ఫు జీతంతో కట్టిన గది, గోడలూ స్లాబూ గట్టివి, ఏదీ లోపలికి రాదు. సరిగ్గా మూడు గీతలు ఎక్కడ వస్తున్నాయయ్యా అంటే నడిమింట్లో. వదినగారి మంచం తలగడ దగ్గర.

ఇల్లంతా వదిలేసి అక్కడే రావాలా!

వైరు పొడుగు చేసి మోడెమే నా గదిలోకి తెచ్చుకుందామంటే, ఆ ముచ్చటా అయింది. పెరట్లోంచి వైరు లాగించిన రెండుసార్లూ కొబ్బరిమట్ట పడి తెగింది. లైన్‌మన్ అప్పన్న దండం పెట్టి, "ఇంక నన్ను పిలవకండి అమ్మగారూ" అన్నాడు.

వదినగారిని అడగాలి. ఆవిడ చెడ్డమనిషి కాదు. అచ్చాయమ్మగారంటే ఊళ్లో అందరికీ గౌరవం. మొగుడు పోయి పుట్టింటికి వచ్చి, తల్లి లేని తమ్ముణ్ని పెంచింది ఆవిడే. కానీ ఆవిడ చూపు ఉంది చూడండి. ఏమీ అడగదు. అడిగినా బాగుండును.

జూలై 10, శుక్రవారం

ముందు గది. వెంకటలక్ష్మి గారు, వాళ్ల చెల్లెలు, చెల్లెలి కూతురు. ఇంకా నయం, బ్యాండుమేళం రాలేదు.

మధ్యలో వదినగారే అడిగారు. "ఒరేయ్ పెసాదూ, ఆ సంతకం సంగతి ఏం చేసేవురా?"

సరిగ్గా అక్కడే బొమ్మ బిగుసుకుపోయింది. ఖర్మ.

జూలై 12, ఆదివారం

అడిగేశాను. "వదినగారూ, ఈ డబ్బా మీ గదిలో ప్లగ్గుకి పెట్టుకోవచ్చాండీ?"

ఆవిడ గదిలో ఉన్నది ఒకటే ప్లగ్గు. దానికి దోమల మెషీను పెట్టుకుంటారు. ఆవిడ నాకేసి చూసి, లేచి, ఆ మెషీను పీకి నా చేతిలో పెట్టారు.

"మరి దోమలండీ?"

"అవి నాకు అలవాటేలే. నువ్వు పెట్టుకో."

ఎందుకని కూడా అడగలేదు.

జూలై 13, సోమవారం

మూడూ పచ్చగా! నా గదిలో నాలుగు గీతలు! మంచం మీద కూర్చుని, తలుపేసుకుని, ఊరికే ఏదో వార్తల పేజీ తెరిచి మూసి తెరిచాను. వదినగారిని పిలిచి చూపించాను. మొదటి దీపం కరెంటుకి, రెండోది ముందు గదిలోది పట్టుకున్నందుకు, మూడోది నాకు అందిస్తున్నందుకు. నేను మాట్లాడుతున్నంతసేపూ ఆ మూడోది టకటకా కొట్టుకుంటుంది.

"అయితే నువ్వు మాట్లాడుతున్నదీ లేనిదీ నాకు తెలిసిపోతాదన్నమాట," అన్నారు.

"తెలిసేది ఆ ఒక్కటేనండి. ఏం మాట్లాడేనో తెలీదు," అన్నాను. నవ్వుతూనే అన్నాను.

శుక్రవారం చెప్తాను. ఎలా మొదలుపెట్టాలో కూడా అనుకున్నాను. "ఏవండీ, మీతో ఒక మాట."

జూలై 16

"ఏవండీ, మీతో ఒక మాట." బాగులేదు. కోర్టులో సాక్షి చెప్పినట్టుంది.

"ఏవండీ, నేను అమలాపురం వెళ్లేను." ఇది నయం.

జూలై 17, శుక్రవారం

మాట్లాడాం. నా గదిలో, తలుపేసుకుని, మేమిద్దరమే. చాలాసేపు. ఆయన మొహం ఎంత తేటగా కనపడిందో! చెవి పక్కన తెల్లవెంట్రుకలు ఇన్ని వచ్చాయని నాకు తెలీదు. బావి మోటారు పాడైన సంగతి చెప్పాను. కొబ్బరికాయల దింపు వాళ్లు ఈసారి ఆలస్యంగా వచ్చిన సంగతి చెప్పాను. ఆవు ఈనబోతున్న సంగతి చెప్పాను. ఆవు గురించే ఎంతో సేపు చెప్పాను, ఎందుకో. ఆయన కూడా అక్కడ ఎండల గురించి చెప్పారు. గదిలో మలయాళీ కుర్రాడు చేసే చేపల పులుసు గురించి చెప్పారు.

అసలు మాట చెప్పడానికి కుదరలేదు. గొంతు కాస్త ఆలస్యంగా వస్తోంది. నేను అన్నది ఆయనకి అందేసరికి ఆయన ఇంకోటి అంటున్నారు. అలాంటి లైనులో ఇలాంటి మాట ఎలా చెప్పడం? వచ్చే వారం నిమ్మళంగా చెప్తాను. ఇంకా రెండు శుక్రవారాలున్నాయి.

జూలై 18, శనివారం

పొద్దున్న కూరగాయలు తరుగుతూ వదినగారు అడిగారు. "చెప్పేవా?"

తెలియనట్టే అడిగాను. "ఏంటండీ?"

"ఏదో. చెప్పాలనుకున్నది."

"లైను సరిగ్గా లేదండి వదినగారూ," అన్నాను.

ఆవిడ బీరకాయ చెక్కు తీస్తూ, తల ఎత్తకుండా, "నా గదిలో మూడు దీపాలూ పచ్చగానే ఉన్నాయే. మూడోది ఒక్క క్షణం ఆగలేదు," అన్నారు.

జూలై 19

ఆవిడకేం? తీరిగ్గా కూర్చుని దీపాలు లెక్కపెట్టుకుంటే సరిపోయిందా! ఇక్కడ బతుకుతున్నది నేను.

జూలై 20

సెల్లులో చెప్పేయొచ్చు కదా అని నాకూ తెలుసు. డ్యూటీ మధ్యలో చేస్తారు. పక్కన పది గొంతులు వినపడుతుంటాయి. "బాగున్నావా, పెట్టేస్తున్నా." ఇంతలో ఏం చెప్పను? ఇది మొహం చూస్తూ చెప్పవలసిన మాట. ఉత్తరం రాయొచ్చు. ఉత్తరంలో రాసే మాట కాదు.

జూలై 22, బుధవారం

సూర్యగ్రహణం. తెల్లవారుజామునే పట్టి విడిచింది. వదినగారు నీళ్ల బిందెల్లో, ఊరగాయ జాడీల్లో దర్భలు వేసి, విడుపు స్నానం చేసి, ఇల్లంతా కడిగారు. నన్ను కూడా పొద్దున్నే నూతి దగ్గర నిలబెట్టి నెత్తిన నీళ్లు పోశారు.

సాయంత్రం కంప్యూటరు తెరిస్తే గీత లేదు. కరెంటు ఉంది. ముందు గదిలో అయిదు గీతలున్నాయి. నా గదిలో మాత్రం సున్నా.

జూలై 23, గురువారం

ఇవాళా సున్నా. నడిమింట్లోకి తొంగిచూశాను. ప్లగ్గుకి వైరు ఉంది, స్విచ్చి వేసే ఉంది. డబ్బా ఉండే బల్ల మీద డబ్బా లేదు. వైరు ఎటో మంచం వెనక్కి పోయింది. ఆవిడ పడుకుని ఉన్నారు. లోపలికి వెళ్లి వెతకబుద్ధి కాలేదు.

అడగను. నేనెందుకు అడగాలి? ఇచ్చినట్టే ఇచ్చి తీసేసుకున్నారు. మూడు దీపాలూ పచ్చగా ఉన్నాయట! ఉంటే ఓర్వలేకపోయారు.

జూలై 24, శుక్రవారం

ఈ ఎర్రటి పేజీ కూడా తగలడింది.

మళ్లీ ముందు గది. శ్రావణ శుక్రవారం కదా, పేరంటానికి పిలవడానికి వచ్చిన వాళ్లు కూడా బొమ్మ చూడ్డానికి నిలబడిపోయారు. "ఆయ్, బాగున్నానండి." "ఆయ్, తిన్నానండి." ఆయన మొహం కూడా ఎలాగో ఉంది. "పైవారం మాట్లాడుకుందాం దుర్గా," అన్నారు. పైవారం ముప్పై ఒకటి. ఆఖరి రోజు.

వాళ్లంతా వెళ్లాక నడిమింటి గుమ్మంలో నిలబడి అనేశాను. "నా గదిలో నేను నా మొగుడితో మాట్లాడుకోడం మీకిష్టం లేకపోతే మొహం మీదే చెప్పండి వదినగారూ. దొంగచాటుగా డబ్బా దాచెయ్యడం ఎందుకండీ?"

ఆవిడ మొహం చిన్నబోయింది. "నేనెక్కడ దాచేనే? గ్రహణం ఇంకా వదల్లేదని ఉంచేను," అన్నారు.

గ్రహణమట! వినకుండా వచ్చేశాను. అన్నం తినలేదు.

జూలై 25, శనివారం

నా నోరు పడిపోను.

పొద్దున్న వదినగారు గుడికి వెళ్లాక నడిమింట్లోకి వెళ్లాను. మంచం వెనక, పాలూ పెరుగూ ఊరగాయలూ పెట్టుకునే జాలీ బీరువా ఉంది. పిల్లి దూరకుండా చుట్టూ ఇనప జాలీ కొట్టినది. వైరు దాని తలుపు సందులోంచి లోపలికి పోయింది. తలుపు తీస్తే, పై అరలో, మాగాయ జాడీకీ ఆవకాయ జాడీకీ మధ్యన, పసుపు రాసిన పీట మీద నా డబ్బా. దాని నెత్తిన దర్భ. బుధవారం నుంచీ అక్కడే ఉంది. ఆ ఇనప జాలీలోంచి లోపలికేం పోతుంది, బయటికేం వస్తుంది!

గుడి నుంచి వచ్చేసరికి నేను అక్కడే నేల మీద కూర్చుని ఉన్నాను.

"ఊరగాయలకి వేస్తే దానికి వెయ్యొద్దేటి?" అన్నారు వదినగారు. "నా తమ్ముడు పంపిన వస్తువు. గాల్లో వచ్చేవన్నీ అదే కదా పట్టుకునేది, గ్రహణం కూడా పట్టుకుంటాదేమో అని లోపల పెట్టేను. విడిచేక తీసేద్దామంటే ఆ రెండో దీపం ఎర్రగా వెలుగుతోంది. ఇంకా దోషం పోలేదేమో, పచ్చగా అయ్యేక తీద్దామని రోజూ చూస్తన్నాను."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. ఆవిడ కాళ్లు పట్టుకోబోతే, "చాల్లే, లేచి కాఫీ పెట్టు" అన్నారు.

కాఫీ తాగుతూ అన్నారు. "ఏప్రిల్ నుంచీ జాకెట్టు కుట్టించుకుంటానని నాలుగుసార్లు అమలాపురం వెళ్లేవు. ఒక్కసారీ గుడ్డ పట్టుకెళ్లలేదు నువ్వు."

నేను లేచి గ్లాసులు తీయబోయాను.

"నన్ను చెప్పమంటావా వాడికి?"

"వద్దండి. నేనే చెప్తాను."

"అయితే చెప్పు."

జూలై 28

వాన. గోదావరి పెరుగుతోందట. రోజులో పదిసార్లు నడిమింట్లోకి వెళ్లి దీపాలు చూసి వస్తున్నాను. పచ్చ, పచ్చ, పచ్చ. కాలు ఒకచోట నిలవడం లేదు. ఆవు ఈనింది. పెయ్యదూడ.

జూలై 30

రేపు వరలక్ష్మీ వ్రతం. రేపే శుక్రవారం. రేపే ఆఖరు. పిండివంటలు చేస్తూ కూడా అదే మాట లోపల తిప్పుకుంటున్నాను. సంతకం పెట్టకండి. వచ్చేయండి. బూరెలు చితికిపోయాయి.

జూలై 31, శుక్రవారం

అంతా రాస్తాను. రాయకపోతే పిచ్చెక్కుతుంది.

పొద్దున్న వ్రతం చేశాను, తోరం కట్టుకున్నాను. సాయంత్రం పేరంటాళ్లు వచ్చారు. ముందు గది నిండా పట్టుచీరలు. వదినగారు ఇలాంటి రోజుల్లో ముందు గదిలోకి రారు. మొగుడు పోయినప్పటి నుంచీ అంతే, నడిమింట్లోనే ఉండిపోతారు. వెంకటలక్ష్మి గారు తమ ఇంట్లోంచి రంగుబల్బుల దండ తెచ్చి మంటపానికి కట్టారు. ముందు గదిలో ఉన్న రెండు ప్లగ్గుల్లో ఒకదానికి మోడెము, ఒకదానికి ఫ్యాను. ఆవిడ వైరు పట్టుకుని నడిమింట్లోకి వెళ్లారు.

నేను పసుపు రాస్తూ వింటున్నాను.

"అచ్చాయమ్మగారండీ, ఆ డబ్బా ఓ గంట తీసేద్దామండీ. అమ్మవారికి బల్బులు పెట్టాలండి."

"ఆ ప్లగ్గు ఖాళీ లేదమ్మా."

"అయ్యో, అమ్మవారికండీ!"

"అమ్మవారికి నూనెదీపం ఉంది కదా. చాలు. ఈ ప్లగ్గు మాత్రం ఇవ్వను."

డబ్బా నెత్తిన దర్భ వేసిన మనిషి ఆవిడ! అమ్మవారి వైపు చూశాను. ఏం అనుకున్నట్టు లేదు.

తరవాత నడిమింటి గుమ్మంలోంచి వదినగారి గొంతు: "దుర్గా, అయిదవుతోంది. నువ్వెళ్లు. తాంబూలాలు వెంకటలక్ష్మి ఇస్తాది."

పట్టుచీరతోనే పెరడు దాటి వెళ్లి తలుపేసుకున్నాను. ఆయన అప్పటికే ఉన్నారు. వెనక దండెం, నీలిగళ్ల లుంగీ. "బాగున్నావు దుర్గా, పట్టుచీరలో," అన్నారు. ఆవు ఈనిందా అని అడిగారు. ఈసారి ఆవు జోలికి పోలేదు నేను. ఊపిరి పీల్చుకుని ఒక్కసారిగా అనేశాను.

"ఏవండీ, మీరు సంతకం పెట్టకండి. వచ్చేయండి."

బొమ్మ బిగుసుకుపోయింది.

పెదవులు మూసుకుని, చూపు కొంచెం కిందికి, అలాగే. రెప్ప లేదు, కదలిక లేదు. ఛీ, ఇప్పుడే పోవాలా అని లేచాను. వదినగారి దగ్గరకి పరిగెత్తి దీపాలు చూసి రావాలని తలుపు దాకా వెళ్లాను. గడియ మీద చెయ్యి వేసి, ఒకసారి వెనక్కి తిరిగి చూశాను.

ఆయన కదలడం లేదు. వెనక దండెం మీద లుంగీ ఊగుతోంది. నిమ్మళంగా, ఏసీ గాలికి, ఇటూ అటూ.

వచ్చి మళ్లీ కూర్చున్నాను. ఆయన అలాగే ఉన్నారు, ఊపిరి బిగబట్టుకుని. ఎంతసేపు చూశానో. కోపం రాలేదు. భయం వేసింది. జాలి కూడా వేసింది.

"ఏవండీ," అన్నాను. "వెనకాల లుంగీ ఊగుతోందండి."

తరవాత ఆయన గడ్డం వణికింది. రెండు చేతులతో మొహం కప్పుకున్నారు.

"పెట్టేసేను దుర్గా. జూన్‌లోనే పెట్టేసేను. పెట్టనివాళ్లని పంపించేస్తారన్నారు, అందరూ పెడుతున్నారు. నీకు చెబుదామనే ప్రతి వారం. నీ మొహం చూస్తా చెప్పలేకపోయేను. ఆ మాట వచ్చినప్పుడల్లా ఇలాగ..."

"బిగుసుకుపోయేవారు."

"ఆయ్."

అప్పుడు నేను డాక్టరమ్మ అన్నదంతా చెప్పాను. ఒక్క మాట మింగకుండా చెప్పాను. నా వయసూ, ఆయన పరీక్షలూ, మూడేళ్లు ఆగితే ఏమవుతుందో, అన్నీ. ఆయన విన్నారు. ఈసారి రెప్పలు కొట్టుకుంటూనే ఉన్నాయి.

"ఎప్పుడన్నారు డాక్టరు గారు?"

"ఏప్రిల్‌లోనండి."

"ఏప్రిల్‌లోనా? నాకు మేలో చెప్పినా..." అని ఆగిపోయారు.

నాకు తెలుసు. మేలో చెప్పినా సరిపోయేది. మేలో డబ్బా లేదు కాబట్టి చెప్పలేదనుకున్నాను. ఆ డబ్బా గురించి కూడా అడిగేశాను. మరి ఇది ఎందుకు పంపారండీ అని.

"ఇంకో మూడేళ్లు నిన్ను ఇందులోనే చూసుకోవాలి కదా అని. సంతకం పెట్టిన రోజునే కొన్నాను," అన్నారు.

నేను దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరిగాను. ఆయన్ని వెనక్కి రప్పించే మాట చెప్పడానికి అదే దారి అనుకున్నాను. అది నా చేతికి వచ్చేసరికే పనైపోయింది. ఇంత ఏడుపు నాలో ఉందని నాకు తెలీదు. ఆయన కూడా ఏడ్చారు. ముందు గదిలో మంగళహారతి పాడుతున్నారు, అదంతా ఆయనకి వినపడింది.

"రేపు మేనేజరు దగ్గరకెళ్లి అడుగుతాను," అన్నారు చివరికి. "సంతకం వెనక్కి తీసుకోనిస్తారేమో. కనీసం సెలవైనా..."

"ఏమో, చూద్దాం అన్నట్టు అడక్కండి. మీ ఆవిడకి వైద్యం అని చెప్పండి. మీకూ పరీక్షలు అని చెప్పండి. సిగ్గుపడకండి."

"ఆయ్, చెప్తాను. రేపే చెప్తాను."

పేరంటాళ్లు వెళ్లాక నడిమింట్లోకి వెళ్లాను. చీకట్లో వదినగారు మంచం మీద కూర్చుని డబ్బా వైపే చూస్తున్నారు. చేతుల నిండా దోమకాట్లు.

"చెప్పేవా?"

"చెప్పేనండి. జూన్‌లోనే పెట్టేసేరంటండి."

ఆవిడ జరిగి నాకు మంచం మీద చోటిచ్చారు. తరవాత, "ఇది వచ్చిన్నాడే అనుకున్నాను. వచ్చేసేవోడు ఇలాంటి సామాను పంపుతాడా?" అన్నారు.

"మరి నాతో ఎందుకు అనలేదండీ?"

"నువ్వు దాన్ని చంటిపిల్లలాగ ఎత్తుకుని గది గదికీ తిరుగుతుంటే, నా నోటితో ఏవని అననే?"

ఆవిడ పక్కన పడుకున్నాను.

ఆగస్టు 1, శనివారం

ఈ డైరీలో ఇవాళ నల్ల రోజు. ఆయన మెసెంజర్‌లోకి వచ్చే రోజు కాదు. అయినా వస్తానన్నారు. మేనేజరుతో మాట్లాడాక.

పొద్దున్న బజారుకెళ్లి మూడు ప్లగ్గుల బోర్డు కొన్నాను. ఒకదానికి డబ్బా, ఒకదానికి దోమల మెషీను. మూడోది ఖాళీ. కంప్యూటరు కూడా తెచ్చి వదినగారి మంచం మీదే పెట్టాను. ఇక్కడ సిగ్నలు బాగా అందుతుంది. ఆయన చెప్పేదేదైనా ఆవిడ కూడా వినాలి.

వెంకటలక్ష్మి గారు వచ్చి, "ఇవాళ శనివారం కదండీ!" అన్నారు. వదినగారు ఆవిడకి కూడా చోటిచ్చి, "కూచో, మాట్లాడకు" అన్నారు.

అయిదు దాటింది. ఆయన ఇంకా రాలేదు. మొదటిది పచ్చగా ఉంది. రెండోది పచ్చగా ఉంది. మూడోదాని వైపే చూస్తూ కూర్చున్నాం.